అర గడి సందు

కోడంబాక్కం స్టేషన్. మంగళవారం పొద్దున తొమ్మిదీ పది. తాంబరం లోకల్ వచ్చి ఆగింది.

ఆరో బోగీలో కిటికీ పక్కన కూర్చున్న అంతోని లేవలేదు. నీలం చొక్కా, ఒళ్ళో గోధుమరంగు బ్యాగు. స్టూడియోల్లో లైట్లు మోసే మనిషి. దిగాల్సిన స్టేషన్ అదే. పక్కనున్న పెద్దాయన భుజం తట్టాడు. అంతోని తల కిటికీ కమ్మీకి వాలింది. మెడ వెనక సూది గుచ్చిన చుక్క. రక్తం కూడా లేదు.

రెండు బోగీల అవతల, నాలుగో బోగీలో, తిరువేంగడం చొక్కా కింద తుపాకీ మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన శ్రీరామచంద్ర. అదే నీలం చొక్కా, అదే రకం బ్యాగు. రైలు బ్రేకుల ఇంజనీరు. కొత్త బ్రేకుల డిజైన్ని విదేశీ ముఠాకు అమ్ముతున్నదెవరో తెలిసిన ఒకే ఒక్క సాక్షి. వచ్చే మంగళవారం ఢిల్లీలో పేర్లు చెప్పాలి. అందాకా బతికుండాలి. తిరువేంగడానికి అదొక్కటే డ్యూటీ.

ఎనిమిదీ యాభై ఎనిమిదికి అతనికి మెసేజ్ వచ్చింది. "వాళ్ళ ఫైల్లో నాలుగో బోగీ అని ఉంది. ఈ ట్రైన్‌లోనే." పంపింది డిపార్ట్‌మెంట్ సోర్స్ వినోదిని. మెసేజ్ నిజమైతే చంపేవాడు ఈ బోగీలోకి రావాలి. రాలేదు. ఆరో బోగీలో సంబంధం లేని మనిషిని చంపి జనంలో కలిసిపోయాడు.

తిరువేంగడం పోయి శవాన్ని చూశాడు. ఏమీ అనిపించలేదు. పదిహేడేళ్ళ సర్వీసు. అనిపించడం ఎప్పుడో ఆగిపోయింది. కళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి. ఎడమకాలి చెప్పు పట్టీ తెగితే కరెంటు వైరుతో కట్టుకున్నాడు అంతోని. గట్టిగా, మూడు చుట్లు.

*

పెరంబూరులో రైల్వే క్వార్టర్స్ వెనక ఒక మేడ. కింద బోర్డు: శుద్ధమైన తాగునీటి క్యాన్ల సరఫరా. పైన డిపార్ట్‌మెంట్ ఆఫీసు. డెస్క్ ఆఫీసర్ మృణాళినిది విశాఖపట్నం. మద్రాసుకొచ్చి రెండేళ్ళయినా ఎండను తిట్టడం మానలేదు. ఇవాళ ఎండను కూడా తిట్టలేదు.

"చంపినవాడు ప్లాట్‌ఫారం మీద ఇది పారేసుకున్నాడు." ఒక ప్రింటౌట్ బల్ల మీద పెట్టింది. జపనీస్. ఒక చోట పెన్సిల్ టిక్కులు.

"ఏంది మేడమ్ ఇది?"

"బ్రేకుల మాన్యువల్. ఒసాకాలో ఒక పబ్లిషర్‌ది. టైప్‌సెట్ చేసేది మాత్రం ఇక్కడ, చింతాద్రిపేటలో. ఫోలియో నైన్ అని కంపెనీ."

"జపాన్ పుస్తకం చింతాద్రిపేటలోనా?"

"చవక."

ఆ ఒక్క ముక్కతో ప్రపంచ వ్యాపారమంతా తేలిపోయింది.

"పబ్లిషర్‌కు పాపం ఏమీ తెలీదు," అంది మృణాళిని. "ఫైల్ అప్‌లోడ్ అయ్యే సైట్లోకి ముఠా దొంగదారిన దూరి చదువుకుంటోంది. చూడు. జపాన్ అక్షరాలు ఒకే కొలత గళ్ళలో కూర్చుంటాయి. వాక్యం చివరి చుక్క కూడా పూర్తి గడి తీసుకుంటుంది. చుక్క మూలకు ఉంటుంది, మిగతా అర గడి ఖాళీ. కొన్ని చోట్ల ఆ సందు మూసి ఉంది, కొన్ని చోట్ల తెరిచి ఉంది. మనకు కనపడదు. కొలిస్తే తెలుస్తుంది."

"అదే కోడా?"

"అదే. మూడు చుక్కలకు ఒక అంకె. మొదటి చుక్క విలువ నాలుగు. రెండోది రెండు. మూడోది ఒకటి. సందు మూసిన చుక్కల్ని కూడుకోవాలి. ఇక్కడ మొదటి రెండూ మూసి ఉన్నాయి."

"నాలుగూ రెండూ ఆరు."

"ఆరో బోగీ. వాడు తప్పు చదవలేదు. కాగితమే అలా చెప్పింది."

తిరువేంగడం కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఈగ కాలంత సందు. దానికి ఒక మనిషి పోయాడు.

"వినోదిని ఆ కంపెనీలోనే క్లయింట్ కోఆర్డినేటర్ కదా," అంది మృణాళిని. "చివరి నిమిషంలో ఎవరో మార్చారంటోంది. మునిరత్నం అనే పాత ఆపరేటర్ మీద అనుమానం. లాగ్‌లో ఆయన పేరే ఉంది. నువ్వు రేపు అక్కడ క్వాలిటీ చెకర్‌గా చేరుతున్నావు. పేరు యువరాజ్."

"మన క్యాన్?" క్యాన్ అంటే శ్రీరామచంద్ర. డిపార్ట్‌మెంట్ ఫోన్లలో అంతే. క్యాన్ ఎక్కించాం, క్యాన్ దించాం, క్యాన్‌కు మూత సరిగ్గా ఉంది.

"మూడిళ్ళు తీసుకున్నాం. ఒకదాంట్లో అతను. మిగతా రెండిట్లో మామూలు కుటుంబాలు ఉన్నాయి, ముఠా కళ్ళు కప్పడానికి."

"వాళ్ళకు తెలుసునా?"

"తెలిస్తే మామూలుగా ఉండరు కదా."

ఇళ్ళు వెతికిచ్చింది వినోదిని. నీలం చొక్కా కొనుక్కొచ్చిందీ వినోదినే. డిపార్ట్‌మెంట్‌కు అంత నమ్మకం.

"సోమవారం సాయంత్రం నాలుగింటికి ఇంకో ఫైల్ పోతుంది. ఇంటి నంబరు అందులో ఉంటుంది. ఆపడానికి లేదు. ఫైల్ రాకపోతే అనుమానం ఉన్న ఇళ్ళన్నిటి మీదా పడమని వాళ్ళకు ఎప్పట్నుంచో ఆర్డర్ ఉంది. పాత ఫైళ్ళు విప్పితే దొరికింది."

"మార్చి పంపితే?"

"ఇంకో ఇల్లు పోతుంది."

"ఇప్పుడే క్యాన్‌ను ఢిల్లీకి ఎక్కించేస్తే?"

"పై సంతకం సోమవారం సాయంత్రానికి గానీ రాదు. ఎక్కించినా ఆ ఇళ్ళలో వాళ్ళు అక్కడే ఉంటారు. ఒక్కటే దారి. పుస్తకమంతా, ప్రతి చుక్క సందూ ఒకే రకంగా మూసి ఉంటే వాళ్ళ లెక్కలో 'వార్త లేదు, కాచుకోండి' అని. నాకు అది కావాలి. ఒక్క సాయంత్రం కాచుకుంటే చాలు."

*

చింతాద్రిపేటలో ఒకప్పుడు మగ్గాలు ఆడిన ఇంటి మీద మూడంతస్తులు లేపారు. మూడో అంతస్తులో ఫోలియో నైన్. కిటికీ తెరిస్తే కూవం నది కంపు, మూస్తే ఏసీ కంపు. నలభై మంది తలలు వంచుకుని తొమ్మిది భాషల పుస్తకాలు కడతారు. అందులో ఏడు భాషలు ఎవరికీ రావు. జర్మన్ చదువుకున్నవాడు జర్మన్ పుస్తకం కడితే జీతం ఎక్కువడుగుతాడు. చదవడం రానివాడు నోరెత్తడు. కంపెనీ గుట్టంతా అది.

తిరువేంగడం కళ్ళద్దాలు డిపార్ట్‌మెంట్ ఇచ్చినవి. మిల్లీమీటర్‌లో నూరో వంతు కొలిచే కెమెరా ఉందన్నారు. మూడో రోజుకు వేడెక్కి కణత కాలడం మొదలైంది. తీసి జేబులో పెట్టుకున్నాడు.

మునిరత్నానికి ఆ బాధ లేదు. అరవై మూడేళ్ళు. సీసం అక్షరాలు చేత్తో పేర్చిన కాలం నుంచి ఈ పనే. నేతగాడైన తాత చీర నేతలో దారాలు లెక్కపెట్టడానికి వాడిన ఇత్తడి భూతద్దం ఆయన దగ్గరుంది. దాన్ని ప్రింటౌట్ మీద పెట్టి, ఒంటి కన్ను మూసి చూస్తాడు. అక్షరం ముక్క తెలీదు. సందు తెలుసు.

ఐదు రోజులు తిరువేంగడం ఆయన్ని గమనించాడు. ఫోన్ లేదు. బయటివాళ్ళు ఎవరూ రారు. మధ్యాహ్నం పెరుగన్నం, తర్వాత పది నిమిషాలు బల్ల మీద తల. ఇదీ అనుమానితుడి దినచర్య.

సోమవారం మూడున్నర. గాజు గదిలో ఇద్దరే ఉన్నారు. ఇక చుట్టూ తిరగడానికి టైం లేదు. తిరువేంగడం ముఠా ప్రింటౌట్ నకలు తీసి ముందు పెట్టాడు.

"మునిరత్నం అన్నా, పోయిన వారం ఈ పేజీలో ఏమన్నా మారిస్తివా?"

పెద్దాయన భూతద్దం పెట్టి చూశాడు. మొహం విప్పారింది. "ఈడనా? ఆమా. ఈ రెండో చుక్క పక్కన ఓట్టై మాదిరి, బొక్క పడినట్లు తెరుచుకొని ఉండె. మూసేస్తి."

"ఎవరు మూయమన్యారు?"

"ఎవరు చెప్పాల తంబీ? పంటి సందులో కొబ్బరి పీచు ఇరుక్కుంటే ఎవరన్నా చెప్తేనా తీస్తావు?"

"ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రం. ఫైల్ పోయే ముందర. మూడోది మూసేలోపలే పోయె. అమ్మణ్ణి కట్టి పంపించిన పేజీ. పాపం జపాన్ భాష చదివింది కానీ చెయ్యి కుదరలా. ఒకచోట మూసింది, ఒకచోట వదిలేసింది. చెబితే చిన్నబుచ్చుకుంటుందని సుమ్మా, చప్పుడు లేకుండా నేనే సరిచేసేస్తి."

అమ్మణ్ణి అంటే వినోదిని.

తిరువేంగడం పేజీ వైపు చూశాడు. మొదటి చుక్క ఒక్కటే మూసి ఉంటే నాలుగు. సోమవారం సాయంత్రం ఈయన రెండోది మూశాడు. ఆరైంది. ఆరుతోనే ఫైల్ పోయింది. మంగళవారం పొద్దున వినోదిని మెసేజ్: వాళ్ళ ఫైల్లో నాలుగో బోగీ అని ఉంది. పోయిన ఫైల్ చూసినవాళ్ళెవరైనా ఆరనే చెప్పాలి. నాలుగని చెప్పగలిగేది ఒక్కరే. రాసిన మనిషి.

ఇటు డిపార్ట్‌మెంట్‌కూ అటు ముఠాకూ నిజమే అమ్మింది. రేపు ఏ పక్కకు దూకాల్సొచ్చినా రెండు గుమ్మాలూ తెరిచి పెట్టుకుంది. కోపం రావాల్సిన చోటు. రాలేదు. టైం చూశాడు. మూడూ నలభై రెండు.

"ఇవాళ పోయే ఫైల్లో కూడా సందులు మూసినావా అన్నా?"

"అయిపోవస్తా ఉండాది. నాలుగు రోజులు పట్టె. ఇంకా మున్నూరు ఉంటాయి."

అంటే వినోదిని రాసిన ఇంటి నంబరు ఈపాటికి ఏ నంబరైందో ఎవరికీ తెలీదు. శ్రీరామచంద్ర ఇల్లే కావచ్చు. పొయ్యి మీద పాలు పెట్టుకున్న ఇంకెవరి ఇల్లో కావచ్చు.

"మున్నూరూ పదిహేను నిమిషాల్లో అయితాయా?"

"తమాషానా? ఈ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అయితే తానే చేస్తుంది. ఇంగ్లీషుకు ఇట్లా సన్న సర్దుబాట్లు ఎప్పట్నుంచో ఉండాయి. జపాన్‌కు, చైనాకు, కొరియాకు పోయిన నెలే వచ్చినాయి. చుక్క సందు మూస్తుంది, లైను అంచు సరి చేస్తుంది, జపాన్ అక్షరం పక్కన ఇంగ్లీషు అక్షరం వస్తే మధ్యన పావు గడి వదుల్తుంది."

"మన తెలుగుకు?"

"రాలా. అడిగేవాళ్ళుంటే కదా."

"మరి ఆ వెర్షన్ ఎందుకు వాడలేదు?"

"అమ్మణ్ణి వద్దనె. క్లయింట్ చేత్తోనే చెయ్యమన్యాడంట. ఈ కాలంలో చేత్తో చెయ్యమనే క్లయింట్ యాడుంటాడు?"

ఆ మాట ఐదు రోజుల ముందు అడిగి ఉంటే సరిపోయేది.

"అన్నా, నేను యువరాజ్ కాదు. పోలీసు అనుకో. నువ్వు చేత్తో సర్దిందంతా చెరిపేసి ఆ కొత్తది నడపాల. ఇప్పుడే. పేజీలు నీ పేరు మీద ఉండాయి. నీ పాస్‌వర్డ్ కావాల."

మునిరత్నం కుర్చీ వెనక్కి జరిపాడు. "చెరపాల్నా? నాలుగు రోజుల పని. కన్ను పోయేట్లు చేస్తి."

"ఆ సందుల్లో ఒక ఇంటి నంబరుంది. ఏ నంబరుంటే ఆ ఇంట్లో మనుషుల్ని చంపేస్తారు. అన్నీ ఒక్కతీరుగ ఉంటే ఎవరూ చావరు."

పెద్దాయన కదల్లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నాడు. సీసం అక్షరాలు తలకిందులుగా చదివిన మనిషికి ఇదెంత లెక్క?

"తంబీ. అట్లంటే పోయిన వారం నేను మూసిన సందు?"

గోడ గడియారం మూడూ నలభై తొమ్మిది.

"అదొక ఖాళీ సందు," అన్నాడు తిరువేంగడం. "దాంట్లో ఏమీ లేదు."

గొంతు మారలేదు. రెప్ప కొట్టలేదు. ట్రైనింగ్‌లో మూడు నెలలు నేర్పింది ఇదే.

మునిరత్నం అతని మొహం చూశాడు. తర్వాత కీబోర్డ్ దగ్గరికి జరిగాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. మాన్యువల్ సర్దుబాట్లు అన్నీ తొలగించాలా అని స్క్రీన్ అడిగింది. అవును అని నొక్కేటప్పుడు ఆయన వేలు ఒక క్షణం గాల్లో ఆగింది. కొత్త వెర్షన్ మొదలైంది. ఒక శాతం. రెండు శాతం. మూడూ యాభై ఒకటి.

తలుపు తెరుచుకుంది. అత్తరు వాసన ముందొచ్చింది, వినోదిని తర్వాతొచ్చింది. ఇస్త్రీ మడత చెదరని పట్టుచొక్కా, నల్లద్దాలు తల మీదికి నెట్టుకుని. నాలుగు భాషలు తడుముకోకుండా మాట్లాడుతుంది. తలుపు మూసి గడియ పెట్టింది, గాజుకు తెర లాగింది. స్క్రీన్ చూసింది. నవ్వు అలాగే ఉంది.

"యువరాజ్ సార్, క్లయింట్ ఇది వద్దన్నారే."

"ఏ క్లయింట్ మేడమ్?"

లాప్‌టాప్ సంచిలోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. "మునిరత్నం సార్, చెయ్యి తీయండి."

తిరువేంగడం లేచి పిస్టల్‌కూ కంప్యూటర్‌కూ మధ్య నిలబడ్డాడు. "కాల్చు. సైలెన్సర్ లేదు. బయట నలభై మంది."

"నీకు భయం లేదా?"

"ఉండాల్సిందే. రావడం లేదు."

"తిరువేంగడం, వినండి. ఒక్క మనిషి. వాడు మీకేమీ కాడు, నాకూ ఏమీ కాడు. ఇద్దరం సింగపూర్‌లో దిగుతాం. మిమ్మల్ని ఈ డిపార్ట్‌మెంట్ ఏం చూసుకుంది?"

"రైల్లో పోయినాయన పేరు తెలుసా?"

"ఏ రైలు?"

ఆమె నిజంగానే మర్చిపోయింది. అతను కదిలాడు. ఆమె అంతకన్నా వేగం. కాల్చలేదు. పక్కకు తిరిగి తలుపు దగ్గరున్న మెయిన్ స్విచ్ లాగేసింది.

దీపాలు పోయాయి. ఏసీ ఆగింది. హాల్లోంచి నలభై గొంతులు ఒక్కసారిగా "కరెంట్ పోచ్చు!" అని సంబరంగా అరిచాయి. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆఫీసు ఆఫీసంతా టీకి లేచింది. మద్రాసులో కరెంటు పోతే ఎందుకు పోయిందని ఎవరూ అడగరు.

బల్ల కింద యూపీఎస్ కీచుమంది. స్క్రీన్ మీద అరవై రెండు శాతం.

తిరువేంగడం ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. పిస్టల్ కింద పడింది. ఆమె పడుతూ స్విచ్ పిడి విరగ్గొట్టింది. ఇక వేయడానికి లేదు. ఆమె మెడలోని ఐడీ కార్డు తాడు లాగి, రెండు చేతులూ వెనక్కి కుర్చీకి కట్టేశాడు. తాడు మీద కంపెనీ నినాదం: ప్రతి అక్షరం ముఖ్యమే.

"బ్యాటరీ ఎంతసేపు?"

"మార్చండి మార్చండని మూడేండ్లుగా రాస్తా ఉండా. రెండు నిమిషాలు నిలిస్తే దేవుడి దయ," అంటూ మునిరత్నం నేల మీద కూర్చున్నాడు. యూపీఎస్ వెనక చెయ్యి పెట్టి ప్లగ్గులు పీకడం మొదలెట్టాడు. ప్రింటర్. స్కానర్. పక్క కంప్యూటర్. టేబుల్ ఫ్యాన్. నెట్ తీగ జోలికి మాత్రం పోలేదు. చివరికి స్క్రీన్ తీగ మీద చెయ్యి పడింది.

"అన్నా, అది పీకితే ఎంతయిందో తెలీదు."

"చూస్తా ఉంటే తొందరగా అయితాదా? ఇది ఎక్కువ తాగుతుంది."

పీకేశాడు.

గదిలో చీకటి లేదు. కూవం వైపు కిటికీలోంచి నాలుగు గంటల ఎండ. కంప్యూటర్ డబ్బా లోపల ఫ్యాను గుర్రుమంటోంది. యూపీఎస్ కీచు. ఆగింది. కీచు. ఆగింది. ముగ్గురూ వింటూ కూర్చున్నారు. ముసలాయన పెదాలు కదులుతున్నాయి. దండకమేమో అనుకున్నాడు తిరువేంగడం. కాదు, కీచులు లెక్కపెడుతున్నాడు.

కీచుల మధ్య ఎడం తగ్గింది. తర్వాత ఎడమే లేదు. ఒకటే ఏడుపు. టక్కుమని ఆగిపోయింది. డబ్బా ఫ్యాను నెమ్మదించి నిలిచింది.

వినోదిని మెల్లగా నవ్వింది. "పోయింది."

ఫైళ్ళుండే సర్వర్ ఇక్కడ లేదు, ఊరవతల ఉంది. తిరువేంగడం ఫోన్లో దాని లాగ్ తెరిచాడు. చక్రం తిరిగింది. తిరిగింది. రెండు లైన్లు వచ్చాయి.

మూడూ యాభై తొమ్మిదీ నలభై ఎనిమిది సెకన్లు. ఫైల్ సేవ్ అయింది. సందులన్నీ సమానం.

నాలుగు గంటలు. అప్‌లోడ్ అయింది.

*

ఆరున్నరకు మృణాళిని ఫోన్. "క్యాన్ విమానం ఎక్కింది. మూడిళ్ళ దగ్గరా ఎవరూ రాలేదు. వినోదిని మాట్లాడ్డం మొదలెట్టింది. నాలుగు భాషల్లోనూ."

"సరి మేడమ్."

"గుడ్ వర్క్."

"సరి."

ఆఫీసు మెట్ల కింద టీ బండి దగ్గర మునిరత్నం గాజు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తిరువేంగడాన్ని చూసి ఇంకో గ్లాసు చెప్పాడు.

"తంబీ, మిషన్ చేసింది చూస్తి. బాగుండాది. నేను వారం కూర్చున్నా అంత బాగా రాదు." గ్లాసులోకి ఊదాడు. "పోయిన వారం ఆ సందు. ఖాళీనే కదా?"

"ఖాళీనే అన్నా."

"ఖాళీ సందు గురించి అడిగేదానికి పోలీసోళ్ళు ఐదు రోజులు నా పక్కన కూర్చుంటారా?"

పదిహేడేళ్ళలో తిరువేంగడాన్ని మూడు దేశాలవాళ్ళు ఇంటరాగేట్ చేశారు. ఒకచోట నీళ్ళలో ముంచారు. ఎక్కడా తల దించలేదు. ఇక్కడ టీ గ్లాసులోకి చూశాడు. టీ వేడిగా ఉందని, నాలిక కాలుతోందని అప్పుడు తెలిసింది.

"మా ఆఫీసు అట్లాంటిది అన్నా. పనికిమాలిన ఆఫీసు."

మునిరత్నం మిగిలిన టీ తాగేసి గ్లాసు బండి మీద పెట్టాడు. తర్వాత, "గవర్మెంటు కదా," అన్నాడు. నమ్మాడో, నమ్మడానికి ఒప్పుకున్నాడో.

మర్నాడు పెరంబూరు మేడ మీద తిరువేంగడం రిపోర్ట్ ఇచ్చాడు. రెండు పేజీలు. మృణాళిని చదువుతూ ఒక చోట ఆగింది.

"అంతోని మరణానికి కారణం: సాఫ్ట్‌వేర్ లోపం. ఇదేంటి? సాఫ్ట్‌వేర్ ఏం తప్పు చేసింది?"

"ఏమీ చెయ్యలేదు మేడమ్."

"మరి దాని మీద ఎందుకు రాశావు?"

"దానికి రాత్రిళ్ళు నిద్ర పట్టాల్సిన పని లేదు."

మృణాళిని పెన్ను మూత తీసి సంతకం పెట్టింది. ఈ సంతకం మాత్రం అదే రోజు వచ్చింది.